పాతిక మిల్లీమీటర్లు: మన రోడ్లకి కారు ఎంత దించాలి, దేనితో దించాలి

మా పిన్ని కొడుకు శ్రీకాకుళం బలగలో ఉంటాడు. మొన్న సంక్రాంతి వెళ్ళాక సెకండ్ హ్యాండ్‌లో స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్ కొన్నాడు. కొన్న వారానికే ఫోన్ చేశాడు.

"అన్నయ్యా, టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య నాలుగు వేళ్ళు దూరుతున్నాయి. అంత మంచి కారుకి అదేటి? కారుని నేలకి 40 మిల్లీమీటర్లు దగ్గరగా దించే స్ప్రింగుల సెట్టు ఒకటి చూశాను. తీసేసుకోనా?"

"సెట్టు సంగతి తరవాత. రోజూ కారు ఏ రోడ్డులో తిప్పుతావో ముందు చెప్పు."

"చిలకపాలెం మీదుగా రాజాం. ఆదివారం ఎప్పుడైనా సాలూరు దాటి సుంకి ఘాట్."

ఈ రెండు ముక్కల్లోనే సగం జవాబు ఉంది. విజయనగరంలో నా వోక్స్‌వాగన్ పోలో జీటీ టీఎస్ఐని దించి నేను చాలా ఏళ్ళు తిరిగాను. ఒక జత టైర్లు పాడు చేసుకున్నాను, ఒకసారి స్ప్రింగులు మార్చాను. వాడికి చెప్పిందే ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను. ఆర్ఎస్ అయినా, పోలో అయినా, ఐ20 ఎన్ లైన్ అయినా, స్విఫ్ట్ అయినా లెక్క ఒకటే.

ముందు రోడ్డుని కొలవండి

నేషనల్ హైవే 16 మీద నరసన్నపేట నుంచి ఆనందపురం దాకా ఆరు వరుసల రోడ్డు. దాని మీద 40 మి.మీ. దించిన కారు కూడా హాయిగా పోతుంది. చిక్కంతా హైవే దిగాక వస్తుంది. ఊరు మొదట్లో ఒక బ్రేకరు, బడి దగ్గర ఒకటి, గుడి దగ్గర ఇంకొకటి. చాలావాటికి కొలతంటూ ఉండదు.

కొలత లేక కాదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 99వ నంబరు ప్రమాణంలో అది రాసే ఉంది: 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, 17 మీటర్ల వ్యాసార్థంతో గుండ్రంగా ఉండాలి, 25 కి.మీ. వేగంతో దాటగలగాలి. అలాంటి బ్రేకరు మీద మీ కారు పొట్టకి ఎంత ఖాళీ కావాలో లెక్కేద్దాం. పోలో ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం సుమారు 2.47 మీటర్లు. బ్రేకరు 3.7 మీటర్లు కాబట్టి నడిమికి వచ్చేసరికి నాలుగు చక్రాలూ దాని మీదే ఉంటాయి. కారు మొత్తం పైకి లేస్తుంది. అప్పుడు పొట్ట కింద కావాల్సింది 45 మి.మీ. మాత్రమే. ఆక్టేవియా ఇంకాస్త పొడుగు కాబట్టి దానికి 53 మి.మీ. వరకూ కావాలి. ఏ కారుకైనా అంత ఖాళీ ఉంటుంది.

అదే 10 సెంటీమీటర్ల ఎత్తుని మీటరు వెడల్పులో కుప్పగా పోశారనుకోండి. ముందు చక్రాలు దిగిపోయి, వెనక చక్రాలు ఇంకా ఎక్కకముందే కారు పొట్ట సరిగ్గా ఆ కుప్ప మీదికి వస్తుంది. నాలుగు చక్రాలూ నేల మీదే ఉంటాయి కాబట్టి కావాల్సింది పూర్తిగా 100 మి.మీ. కుప్ప 15 సెంటీమీటర్లయితే 150. ఎత్తు ఎంత అన్నదానికంటే వెడల్పు ఎంత అన్నది మనకి ముఖ్యమని దీనివల్లే తెలుస్తుంది. అందుకే మీ దారిలో వెడల్పు తక్కువగా, నిటారుగా ఉన్న బ్రేకరు ఏదో వెతకండి. తిన్నని కర్ర ఒకటి దాని మీద అడ్డంగా పెట్టి, కర్ర మట్టంగా ఉండేలా పట్టుకుని, కర్రకీ రోడ్డుకీ మధ్య టేపుతో కొలవండి. రెండు నిమిషాల పని.

తరవాత ఇంటి గేటు. మన వీధుల్లో కాలవ మీద సిమెంటు ర్యాంపు పోసి కారు ఎక్కిస్తాం. అక్కడ తగిలేది పొట్ట కాదు, ముందు బంపరు కింది అంచు. బయటికి ఎక్కడా తగలని కారు సొంతింటి ముందు గీసుకోవడం నేను చాలా ఇళ్ళ దగ్గర చూశాను.

వీటన్నిటికీ కలిపి ఒక పరీక్ష ఉంది. స్ప్రింగులు కొనకముందే చేసేయొచ్చు. 25 మి.మీ. మందం థర్మాకోల్ ముక్కలు నాలుగు కోసి, కారు కింద అన్నిటికంటే దిగువన ఉన్న చోట్ల టేపుతో అంటించండి. ఇంజిన్ కింద ప్లేటుకి ఒకటి, బంపరు కింది అంచుకి ఒకటి, రెండు పక్కలా తలుపుల కింది అంచులకి (సిల్లులకి) రెండు. సైలెన్సర్ గొట్టం దగ్గర మాత్రం వద్దు, వేడికి కరిగిపోతుంది. మీ కారు అప్పుడే పాతిక మిల్లీమీటర్లు దిగినట్టు. అలాగే వారం రోజులు మామూలుగా తిరగండి. ఒకరోజు ఇంట్లో అందర్నీ ఎక్కించుకుని, డిక్కీలో సామాను పెట్టుకుని వెళ్ళండి. వారం తరవాత వంగి చూస్తే ఏ ముక్క అరిగిందో, ఏది ఊడిపోయిందో కనబడుతుంది. గట్టి స్ప్రింగులు వేశాక కారు గుంతలో దిగబడేది కాస్త తగ్గుతుంది కాబట్టి ఈ పరీక్ష నిజం కంటే కొంచెం కఠినంగానే ఉంటుంది. అలా ఉండడమే మేలు.

ఏ దారిలో దించాలి

గ్యాస్ కట్టర్‌తో ఒక చుట్టు కోయించడం దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే ఖర్చు లేదని కుర్రాళ్ళు ముందు అటే చూస్తారు. దయచేసి వద్దు. స్ప్రింగు బలం అంతా ఉక్కుని వేడి చేసి చల్లార్చిన తీరులో ఉంటుంది. మంట తగిలిన చోట అది పోతుంది. పైగా స్ప్రింగు చివరి చుట్టు షాక్ అబ్జార్బర్ గిన్నెలో సరిగ్గా కూర్చునేలా కంపెనీ వాళ్ళు వంచి ఇస్తారు. దాన్ని కోసేస్తే కూర్చునే చోటే ఉండదు. చక్రం గుంతలోకి పూర్తిగా వేలాడినప్పుడు స్ప్రింగు వదులై పక్కకి జరుగుతుంది. మళ్ళీ బరువు పడినప్పుడు ఎక్కడ కూర్చుంటుందో ఎవరూ చెప్పలేరు. ఘాట్ రోడ్డు మలుపులో అలా జరిగితే ఏమవుతుందో ఆలోచించండి.

రెండో దారి, మంచి కంపెనీ లోయరింగ్ స్ప్రింగులు కొని, కారుతో వచ్చిన షాక్ అబ్జార్బర్ల మీదే వేసుకోవడం. ఐబాక్, హెచ్ అండ్ ఆర్ జర్మనీవి, టీన్ జపాన్‌ది, కోబ్రా పేరుతో వచ్చేవి మన దగ్గర చాలామంది వేస్తారు. ఎక్కువమందికి సరిపోయే దారి ఇదే. షరతులు రెండున్నాయి. దించేది 20 నుంచి 30 మి.మీ. లోపే ఉండాలి. షాక్ అబ్జార్బర్లు ఆరోగ్యంగా ఉండాలి. షాక్ అబ్జార్బర్‌లో కడ్డీ కదిలే దూరం కొంతే. కారుని 25 మి.మీ. దించితే పైకి కదలడానికి మిగిలే దూరంలో సరిగ్గా ఆ 25 తగ్గిపోతుంది. 40 దించితే చిన్న గుంతకి కూడా కడ్డీ మీదున్న రబ్బరు బంప్ స్టాప్ మీద కారు కూర్చుంటుంది. అప్పుడు మీరు స్ప్రింగుల మీద కాదు, ఆ రబ్బరు ముక్కల మీద ప్రయాణం చేస్తున్నట్టు. మలుపులో ఉండగా అలా జరిగితే ఆ చక్రానికి పట్టు ఒక్కసారిగా తగ్గుతుంది. సెట్టుతో పాటు పొట్టి బంప్ స్టాప్‌లు ఇస్తే వాటినే వేయించండి. పాతవి కోసుకోమని సూచనల కాగితంలో ఉంటే, చెప్పినంతే కోయించండి.

షాక్ అబ్జార్బర్లు 60,000 కి.మీ. దాటితే వాటి మీద కొత్త స్ప్రింగులు వేయొద్దన్నది నా లెక్క. స్ప్రింగు ఎంత గట్టిదైతే అది తిరిగి చాచుకునే ఊపుని ఆపడానికి షాక్ అబ్జార్బర్ అంత కష్టపడాలి. అలసిపోయినదాని మీద గట్టి స్ప్రింగు వేస్తే బ్రేకరు దిగాక కారు రెండు మూడు సార్లు ఊగుతుంది. "స్ప్రింగులు బాగోలేవు" అంటూ వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి అసలు కారణం ఈ పాత షాక్ అబ్జార్బర్లే.

మూడోది, స్ప్రింగులతో పాటు వాటికి తగ్గ పొట్టి షాక్ అబ్జార్బర్లు వేసుకోవడం. బిల్‌స్టీన్ బీ8 లాంటివి సరిగ్గా ఇందుకోసమే తయారుచేస్తారు, లోపలి కొలతలే దించిన కారుకి తగ్గట్టు ఉంటాయి. ఖర్చు బాగా పెరుగుతుంది. కానీ ఘాట్ రోడ్డు మీద ప్రేమ ఉన్నవాళ్ళకి, రోజూ తిరగాల్సినవాళ్ళకి నా ఓటు దీనికే. సుంకి మలుపుల్లో రోడ్డు మధ్యలో అతుకు వచ్చినప్పుడు తేడా తెలుస్తుంది. స్ప్రింగులు మాత్రమే వేసిన కారు ఆ అతుకు దగ్గర పక్కకి చిన్నగా గెంతుతుంది. ఇది పట్టు వదలదు.

కాయిలోవర్లు నాలుగోది, స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ కలిసి ఒకే ముక్కగా వస్తాయి. మరలు తిప్పి ఎత్తు మనమే సర్దుకోవచ్చు. తమిళనాడులో ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కి వెళ్ళి తిప్పేవాళ్ళకి వీటి అవసరం ఉంది. మన దగ్గర రోజూ తిరిగే కారుకి నేను సలహా ఇవ్వను. కళింగపట్నం, బారువ వైపు ఉప్పు గాలి, వానాకాలం బురద ఆ మరల్లో చేరి పట్టేస్తాయి. ఏడాదికి రెండుసార్లు విప్పి, కడిగి, గ్రీజు రాసే ఓపిక ఉంటే సరే, లేకపోతే రెండేళ్ళకి ఎత్తు సర్దే మరే కదలదు. అప్పుడు అది స్ప్రింగుల సెట్టుకి రెండు మూడు రెట్లు డబ్బు పోసి కొన్న మామూలు స్ప్రింగే.

స్ప్రింగుల బదులు గాలి సంచుల మీద కారుని నిలబెట్టే ఎయిర్ సస్పెన్షన్ గురించి ఎక్కువ చెప్పను. ఇక్కడ గాలి లీకైతే బాగుచేసే మనిషి ఎక్కడున్నాడో ముందు కనుక్కోండి.

చివరి దారి ఏమీ దించకపోవడం. ఇది కూడా ఒక ఎంపికే, దీన్ని గౌరవంగా చూడాలి. కారు బరువు కేంద్రం నేల నుంచి సుమారు అర మీటరు పైకి ఉంటుంది. 25 మి.మీ. దించితే అందులో ఇరవయ్యో వంతు తగ్గింది. అంటే మలుపులో ఒక పక్క నుంచి ఇంకో పక్కకి మారే బరువు దాదాపు ఐదు శాతం తగ్గుతుంది, అంతే. దించిన కారు నడుపుతుంటే తెలిసే చురుకుదనంలో ఎక్కువ పాలు ఎత్తు వల్ల కాదు, స్ప్రింగులు గట్టిపడడం వల్ల వచ్చింది. నిజంగా మీకు కావాల్సింది మంచి పట్టు అయితే, అదే డబ్బుతో నాలుగు మంచి టైర్లు, కొత్త షాక్ అబ్జార్బర్లు, జాగ్రత్తగా చేయించిన అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) వస్తాయి. తేడా మొదటి మలుపులోనే తెలుస్తుంది. ఇంట్లో పెద్దవాళ్ళకి నడుము నొప్పి ఉంటే, కారు ఒక్కటే అయితే, ఇక రెండో ఆలోచన వద్దు.

మరీ దించితే ఏం పాడవుతుంది

జాకీ మీద కాకుండా, కారు నేల మీద నిలబడి ఉండగా ముందు చక్రం వెనక నుంచి టార్చి వేసి చూడండి. చక్రాన్ని పట్టుకున్న లోయర్ ఆర్మ్ కనబడుతుంది. కంపెనీ నుంచి వచ్చిన కారులో సాధారణంగా దాని చక్రం వైపు కొస కాస్త కిందికి వాలి ఉంటుంది. కారుని దించేకొద్దీ ఆ వాలు తగ్గి మట్టం అవుతుంది. ఇంకా దించితే చక్రం వైపు కొస పైకి లేస్తుంది. మన కార్లలో ముందు వైపు దాదాపు అన్నీ మాక్‌ఫర్సన్ స్ట్రట్లే, అంటే షాక్ అబ్జార్బర్ చుట్టూ స్ప్రింగు ఉండే కాళ్ళు. వీటిల్లో ఆ ఆర్మ్ మట్టం దాటిందంటే, కారు ఒరిగేటప్పుడు దేని చుట్టూ తిరుగుతుందో ఆ బిందువు కారు కంటే వేగంగా కిందికి పోతుంది. కారు దిగినా ఒరిగే గుణం పెరుగుతుంది. 25 దించిన కారు కంటే 50 దించిన కారు మలుపులో చెడ్డగా నడవడానికి ఇదొక పెద్ద కారణం. మీ లోయర్ ఆర్మ్ ఇప్పటికే మట్టంగా ఉంటే అక్కడితో ఆగండి.

మా తమ్ముడికి చెప్పిన ఇంకో మాట. ఆర్ఎస్ లాంటి స్పోర్ట్ మోడళ్ళని ఫ్యాక్టరీలోనే మామూలు మోడల్ కంటే కొంచెం దించి ఇస్తారు. కొన్ని సెట్ల మీద రాసిన 30 మి.మీ. మామూలు మోడల్‌కి వేసిన లెక్క, స్పోర్ట్ మోడల్ అంత దిగదు. కొనేముందు అది ఏ ఎత్తు నుంచి చెప్పిన లెక్కో అడగండి. పెట్రోలు, డీజిలు కార్లకి ముందు బరువు ఒకటి కాదు కాబట్టి సెట్టులో వచ్చే కాగితం మీద మీ ఇంజిన్, ముందు యాక్సిల్ బరువు ఉన్నాయో లేదో చూడండి. స్ప్రింగు మీద ముద్రించిన నంబరు, కాగితం మీద నంబరు ఒకటే అయి ఉండాలి.

స్ప్రింగుల్లో చుట్లన్నీ సమాన దూరంలో ఉండేవి ఒక రకం, ఒక కొసన చుట్లు దగ్గరగా ఉండేవి ఇంకో రకం. రెండోవి చిన్న గతుకులకి మెత్తగా, బరువు పెరిగేకొద్దీ గట్టిగా ఉంటాయి. వాటినే ప్రోగ్రెసివ్ అంటారు. మన రోడ్లకి, ముఖ్యంగా పండక్కి వెనక సీట్లో ముగ్గురు కూర్చుని డిక్కీ నిండే కార్లకి, అవే మేలు.

బిగించే రోజు

ముందు కొలతలు రాసుకోండి. చక్రం మధ్య బిందువు నుంచి మడ్‌గార్డు అంచు దాకా, నాలుగు చక్రాలకీ. తరవాత ఎంత దిగిందో, కుడి ఎడమలు సమానంగా దిగాయో అప్పుడే తెలుస్తుంది.

స్ట్రట్ నుంచి స్ప్రింగు తీయడానికి, దాన్ని నొక్కిపట్టే మంచి స్ప్రింగ్ కంప్రెసర్ ఉన్న చోటికే వెళ్ళండి. నొక్కిపెట్టిన స్ప్రింగు జారితే చెయ్యి పోతుంది, ప్రాణం కూడా పోవచ్చు. ఎలాగూ విప్పారు కాబట్టి స్ట్రట్ పైనున్న రబ్బరు మౌంటు, బేరింగు కొత్తవి వేయించండి. పాతదాని కోసం మళ్ళీ ఇదే కూలీ ఇవ్వాల్సి వస్తుంది.

చాలామంది మెకానిక్కులు వదిలేసే పని ఒకటుంది. లోయర్ ఆర్మ్ రబ్బరు బుష్‌ల బోల్టులు వదులు చేసి ఉంటే, వాటిని చక్రాలు వేలాడుతుండగా బిగించకూడదు. కారుని నేల మీదికి దించి, బరువు పడ్డాక బిగించాలి. ఆ బుష్‌లో రబ్బరు ఇనుప గొట్టానికి అతుక్కుని ఉంటుంది. వేలాడుతున్నప్పుడు బిగిస్తే కారు దిగాక ఆ రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉండి, కొన్ని నెలల్లో చీలిపోతుంది. పక్కన నిలబడి అడగండి. మంచి మెకానిక్ ఏమీ అనుకోడు.

అలైన్‌మెంట్: ఇక్కడే డబ్బు మిగిలేది, ఇక్కడే పోయేది

నా కథ చెప్తాను. స్ప్రింగులు విశాఖలో వేయించుకుని అదే రోజు ఇంటికొచ్చాను. మర్నాడు ఒక షాపులో ముందు చక్రాలకి మాత్రమే అలైన్‌మెంట్ చేశారు. స్క్రీన్ మీద ఆకుపచ్చ వచ్చింది, డబ్బు ఇచ్చి వచ్చేశాను. కొత్త స్ప్రింగులు మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో ఇంకాస్త కూర్చుంటాయి. దాంతో కోణాలు మళ్ళీ మారాయి. నేను తిరిగి చూపించలేదు. 6,000 కి.మీ. దగ్గర పంక్చరుకని టైరు విప్పితే లోపలి అంచున తీగలు కనిపించాయి. బయట నుంచి చూస్తే టైరు కొత్తదానిలా ఉంది.

అప్పుడు కొలిస్తే ముందు చక్రాలు ఒక్కోటి 20 నిమిషాలు బయటికి తిరిగి ఉన్నాయి. చక్రం ఇలా లోపలికో బయటికో తిరిగి ఉండే కోణాన్నే టో అంటారు. ఇక్కడ నిమిషం అంటే డిగ్రీలో అరవయ్యో భాగం. ఇంత చిన్న కోణం ఏం చేస్తుందో చూడండి. చక్రం 10 నిమిషాలు వంకరగా ఉంటే కిలోమీటరుకి దాదాపు 3 మీటర్లు టైరుని పక్కకి ఈడ్చినట్టు. 20 నిమిషాలకి 6 మీటర్లు. నా 6,000 కి.మీ.లో ఒక్కో టైరు 35 కి.మీ. పక్కకి ఈడ్చుకుంటూ వచ్చింది. ఇక రబ్బరు మిగలమంటే ఎక్కడ మిగులుతుంది?

అందరూ క్యాంబర్ (చక్రం నిలువుగా కాకుండా వాలి ఉండే కోణం) అని భయపడతారు. కారు దిగితే చక్రం పైభాగం లోపలికి వాలుతుంది, నిజమే. 25 మి.మీ.కి అర డిగ్రీకి అటూ ఇటూగా మారుతుంది. మొత్తం ఒకటిన్నర డిగ్రీ లోపు క్యాంబర్ ఉన్నా టో సరిగ్గా ఉంటే టైరు బాగానే బతుకుతుంది. టైరుని తినేది టో. డబ్బు పెట్టేముందు దీన్ని గుర్తుంచుకోండి, అనవసరంగా క్యాంబర్ కిట్ల జోలికి పోరు. పైగా మారుతి, హ్యుందాయ్‌ల్లో స్ట్రట్‌ని హబ్‌కి (చక్రం బిగించే భాగానికి) రెండు బోల్టులు పట్టి ఉంచుతాయి కాబట్టి క్యాంబర్ బోల్టు వేయొచ్చు. వోక్స్‌వాగన్, స్కోడాల్లో స్ట్రట్ హబ్‌లోకి దూరి బిగుసుకుంటుంది, ఆ బోల్టు పనికిరాదు. వీటిల్లో లోయర్ ఆర్మ్‌లు బిగించి ఉండే చట్రాన్ని (సబ్‌ఫ్రేమ్‌ని) కాస్త జరిపి కుడి ఎడమల తేడా సమం చేయడమే ఉంది. ఆర్ఎస్‌కి వెనక మల్టీలింక్ (ఒక్కో చక్రానికి విడిగా కొన్ని ఆర్మ్‌లు) కాబట్టి వెనక టో, క్యాంబర్ రెండూ సర్దుకోవచ్చు. పోలో, స్విఫ్ట్‌ల వెనక ఒకటే దూలం, అక్కడ సర్దడానికి మర లేదు. అయినా కొలవాలి. వెనక చక్రాలు ఎటు తోస్తున్నాయో చూసి, దానికి తగ్గట్టు ముందు సర్దితేనే స్టీరింగ్ తిన్నగా నిలబడుతుంది.

ఎక్కడ చేయించాలి? విజయనగరంలో, శ్రీకాకుళంలో ఇప్పుడు కెమెరాలతో పనిచేసే 3డీ మెషీన్లు ఉన్నాయి. దీనికోసమే విశాఖ వెళ్ళాల్సిన పని లేదు. మెషీన్ కంటే మనిషి ముఖ్యం. వెళ్ళగానే నాలుగు విషయాలు గమనించండి. మొదలుపెట్టేముందు టైర్లలో గాలి చూశాడా? కింద దూరి టై రాడ్డు, బాల్ జాయింట్లు కదిపి చూశాడా? వదులున్న జాయింటు మీద చేసిన అలైన్‌మెంట్ షాపు గేటు దాటేసరికే పోతుంది. కెమెరా కోసం కారుని ముందుకీ వెనక్కీ దొర్లించాడా? సర్దేముందు స్టీరింగ్‌ని తిన్నగా కట్టేశాడా? ఇవి చేసేవాడి దగ్గర పాత మెషీన్ ఉన్నా నాకు అభ్యంతరం లేదు. చేయనివాడి దగ్గర ఎంత కొత్త మెషీన్ ఉన్నా కారు ఇవ్వను.

స్క్రీన్ మీద ఆకుపచ్చ, ఎరుపు కంపెనీ ఎత్తుకి వేసిన హద్దులు. దించిన కారుకి క్యాంబర్ ఎరుపులో కనిపించొచ్చు, కంగారు పడకండి. వోక్స్‌వాగన్, స్కోడాలకి మామూలు సస్పెన్షన్‌కి ఒక లెక్క, స్పోర్ట్ సస్పెన్షన్‌కి ఒక లెక్క ఉంటుంది, సరైనది ఎంచమనండి. మీరు అడగాల్సింది ఇది: ముందు మొత్తం టో సున్నా నుంచి 10 నిమిషాలు లోపలికి, రెండు పక్కలా సమానంగా. క్యాంబర్ కుడి ఎడమల మధ్య తేడా 30 నిమిషాలు దాటకూడదు. చేయకముందు, చేశాక ఉన్న అంకెలతో ప్రింటు తీసుకోండి, కారులో దాచుకోండి.

రెండుసార్లు చేయించాలి. స్ప్రింగులు వేసిన రోజే ఒకసారి, 500 కి.మీ. తిరిగాక ఇంకోసారి. రెండో దానికి డబ్బు స్ప్రింగుల బడ్జెట్‌లోనే పక్కన పెట్టేయండి.

ఇంట్లో చూసుకునే పద్ధతి కూడా చెప్తాను. మట్టమైన నేల మీద, కారుకి రెండు పక్కలా, చక్రం మధ్య ఎత్తులో, తాపీ మేస్త్రి గోడకి కట్టినట్టు దారం బిగించి కట్టండి. రెండు దారాల మధ్య దూరం ముందూ వెనకా ఒకటే ఉండాలి, కారు సరిగ్గా నడిమిన ఉండాలి. స్టీరింగ్ తిన్నగా పెట్టి, దారం నుంచి రిమ్ము ముందు అంచుకీ, వెనక అంచుకీ స్టీలు స్కేలుతో కొలవండి. ముందు అంచు దూరం ఎక్కువైతే చక్రం లోపలికి తిరిగినట్టు, తక్కువైతే బయటికి. 17 అంగుళాల రిమ్ముకి 10 నిమిషాలంటే సుమారు 1.3 మి.మీ. తేడా. క్యాంబర్‌కైతే దారానికి ఇనుప గుండు కట్టి చక్రం పక్కన వేలాడదీయండి. రిమ్ము పై అంచుకీ కింది అంచుకీ 8 మి.మీ. తేడా ఉంటే ఒక డిగ్రీ. మెషీన్‌తో సమానం కాదు గానీ, షాపు వాడు చెప్పింది నిజమో కాదో తేల్చడానికి చాలు.

అంతకంటే సులువైనది అరచెయ్యి. నెలకోసారి ముందు టైరు మీద అరచెయ్యి అడ్డంగా నిమరండి, బయటి అంచు నుంచి లోపలికి, తరవాత లోపల నుంచి బయటికి. ఒకవైపు నున్నగా పోయి, రెండోవైపు రంపం పళ్ళలా చేతికి తగిలితే టో చెడింది. లోపలికి నిమిరినప్పుడు నున్నగా ఉంటే చక్రం లోపలికి, బయటికి నిమిరినప్పుడు నున్నగా ఉంటే బయటికి తిరిగి ఉంది. తీగలు కనబడడానికి చాలా ముందే ఇది చెప్పేస్తుంది.

కారు ముందు వెనకలు ఒకేలా దిగకపోతే హెడ్‌లైట్ల వెలుగు కూడా మారుతుంది. గోడ ముందు నిలిపి సర్దించండి. అద్దం మీద కెమెరా ఉండి లైను తప్పితే హెచ్చరించే కార్లకి ఆ కెమెరాని మళ్ళీ క్యాలిబ్రేట్ చేయించాలి.

చట్టం మాట

మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో నమోదైన కంపెనీ వివరాలకి భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ కింద అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకూ జైలు గానీ, రెండూ గానీ ఉంటాయి. ముందుగా ఆర్టీఓ ఆఫీసులో అడగండి, ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయండి. పాత స్ప్రింగులు అమ్మేయకండి. నూనె రాసి గోనెసంచిలో చుట్టి దాచండి, కారు అమ్మేటప్పుడు కావాలి.

మా తమ్ముడు పది రోజుల తరవాత థర్మాకోల్ ముక్కల ఫోటో పంపాడు. పొట్ట కింది ముక్క చెక్కుచెదరలేదు. బంపరు ముక్క సగానికి విరిగింది, అదీ వాళ్ళింటి ర్యాంపు దగ్గరే. తాపీ మేస్త్రిని పిలిచి ర్యాంపుని రెండడుగులు ముందుకి సాగదీయించాడు. 40 మి.మీ. సెట్టు వదిలేశాడు. వాడి కారు ఇప్పటికే 70,000 కి.మీ. తిరిగింది కాబట్టి 20 మి.మీ. దించే ప్రోగ్రెసివ్ స్ప్రింగులు, వాటికి తగ్గ పొట్టి షాక్ అబ్జార్బర్లు కలిపి ఆర్డరు పెట్టించాను. అవి వచ్చేలోగా నాలుగు చక్రాల దగ్గరా కొలతలు తీసి పంపమన్నాను. నిన్న రాత్రి మూడు పంపాడు, వెనక కుడి చక్రంది ఇంకా రావాలి.